బ్రిక్ గేమ్‌లో శీను నంబర్

ఆ రాత్రి నేను చుక్క కూడా ముట్టలేదు. ముందే చెప్తున్నా, తర్వాత నవ్వొద్దు. మా అమ్మ తోడు... నిజం.

ముంబై కామాఠీపురాలో మా చాల్ తెలుసు కదా, వరసగా ఒంటిగది ఇళ్లు. మా పక్క ఖోలీ, అదే గది, శీనుది. చిన్నప్పుడు వాడికో బ్రిక్ గేమ్ ఉండేది. అరచేతిలో పట్టే ఆట. పైనుంచి ఇటుకలు పడుతుంటాయి, వరస నిండితే వంద. నాకు లేదు. వాడు ఓడాకే నా వంతు. వాడు ఓడేవాడా...

శీను పోయి మూడేళ్లు. ఆ ఆటలో వాడి నంబర్, అదే అందరికన్నా పెద్ద స్కోరు, మాత్రం అలాగే ఉంది. నలభై ఎనిమిది వేల ఏడు వందలు. నేను ఎంత ఆడినా నలభై ఎనిమిది వేల ఆరు వందల దగ్గరే ఆగాను. ఒక్క వరస తక్కువ. పోయినవాడిని చూసి కుళ్లుకోకూడదు, తెలుసు. కుళ్లుకున్నాను.

పోయినవాళ్లకు ఇష్టమైనవి ఫొటో ముందు పెట్టే పండగ, పెత్తరమాస. దానికి ముందు రోజు శీను వాళ్లమ్మ ఎల్లవ్వ ఆ ఆట తెచ్చి నా చేతిలో పెట్టింది.

"రేపు ఫొటో ముంగట పెడ్త బిడ్డా. జర తుడువు. సెల్లు మాత్రం తియ్యకు, నంబర్ పోతది."

రాత్రి ఖోలీ బయట గ్యాలరీలో చాప మీద ఒక్కణ్ణే. తుడిచాను. మూతకు అంటించిన టేపు ఊడదీశాను... సెల్లు రెండూ లాగేశాను. పది లెక్కపెట్టాను. మళ్లీ వేసి చూశాను. సున్నా. హాయిగా అనిపించింది, దాచడమెందుకు. సెల్లు పాడయ్యాయని పొద్దున చెప్దామని మళ్లీ తీసేసి, పిడికిట్లో పట్టుకుని పడుకున్నా.

టిక్... టిక్...

ఇటుక తిరిగే చప్పుడు. కళ్లు తెరిచాను. ఆట నా తల దగ్గరే ఉంది. గ్యాలరీ బల్బు వెలుగులో ఇటుకలు పడుతున్నాయి. దాని మీద ఎవరి చేయీ లేదు. పిడికిలి నొక్కి చూసుకున్నా... సెల్లు నా చేతిలోనే ఉన్నాయి. చల్లగా.

ఇటుకలన్నీ ఎడమ గోడకు చేరుతున్నాయి. కుడి అంచున ఒక్క సందు ఖాళీ. పొడుగు కడ్డీ కోసం అలా సందు వదిలి ఆడేది... మా చాల్‌లో శీను ఒక్కడే. కడ్డీ వచ్చింది. నిదానంగా... దిగింది. టిక్.

తెల్లారి లేచేసరికి సెల్లు ఆటలో ఉన్నాయి. టేపు వేసి ఉంది. ఎల్లవ్వ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది.

"నలభై ఎనిమిది వేల ఎనిమిదొందలయింది గద. మావోడు ఇంగో లైన్ కట్టిండు," అంది. రోజూ జరిగేదే అన్నట్టు తీసుకెళ్లి ఫొటో ముందు, మటన్ గిన్నె పక్కన పెట్టింది.

నేనే నిద్రలో సెల్లు వేసి ఆడానేమో. అయ్యుండొచ్చు... అలాగైతే ఆ నంబర్ నాది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాణ్ణి గెలిచాను. ఆ మాట ఎల్లవ్వతో ఎలా అనను? చాల్‌లో ఇప్పటికీ అందరూ దాన్ని శీను నంబరే అంటారు.