పదకొండు ఇరవైకి వచ్చిన ఎండ

మంగళవారం, డిసెంబరు నెల, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలు. నేను చెప్పబోయేది జరిగింది అప్పుడు. ఏ సంవత్సరమని అడిగితే తడుముకుంటాను గానీ గంట దగ్గర తడుముకోను.

నిన్న పేపరు విప్పితే మధ్యలోంచి నున్నటి రంగుల కాగితం ఒకటి జారి ఒళ్ళో పడింది. జిగురూ కిరసనాయిలూ కలిసినట్టు కొత్త అచ్చు వాసన. నోయిడాలో కట్టబోయే ఫ్లాట్ల ప్రకటన అది. హాలు, సోఫా, గాజు బల్ల, బల్ల మీద నారింజ పళ్ళు. నా చూపుడు వేలు దానంతటదే వెళ్ళి సోఫా కాళ్ళ దగ్గర ఆగింది. కాళ్ళ కింద నీడ లేదు. సోఫా నేల మీద లేదు, అంగుళం పైన తేలుతోంది. ఎవరో కష్టపడి అబద్ధం మొదలుపెట్టి సగంలో కునుకు తీశారు. ఈ అనుమానపు జబ్బు నాకు పుట్టుకతోనే ఉంది. దాన్ని పనికి వచ్చేలా చేసింది మాత్రం వసుంధర మేడం. ఆవిడ ఇప్పుడు లేదు. మీరు ఆవిడను చూడలేదు కాబట్టి రాస్తున్నాను.

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో ఫొటోకాపీ దుకాణం పైన రెండు గదుల ఆఫీసు ఆవిడది. ఇంకా కట్టని ఇళ్ళకు, ఇంకా చేయించని అలమారాలకు కంప్యూటర్లో బొమ్మలు తయారుచేసేవారు. చూస్తే ఫొటో అనుకోవాలి, అదీ పని. నేను అక్కడ ఊడ్చి, చాయ్ కాచేదాన్ని. అంతకుముందు మా ఆయన పాలమూరు నుంచి వచ్చి ఢిల్లీలో ఇళ్ళ నేలలకు పాలిష్ పట్టేవాడు. ఆయన మెషీన్ తోస్తుంటే వెనక నీళ్ళు పోస్తూ, తెల్లటి బురద ఎత్తిపోస్తూ ఇరవై ఏళ్ళు గడిపాను. ఆయన పోయాక మునిర్కాలో ఒక అద్దె గది, ఈ చీపురు మిగిలాయి.

చేరిన రెండో వారంలో, తెర మీద ఒక హాలు బొమ్మ ఉంటే చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఏమైందమ్మా?" అంది మేడం.

"గీ ఇంట్ల ఎవరుంటరు మేడం?"

"ఎవరూ ఉండరు. ఇల్లు ఇంకా కట్టలేదు. ఇది బొమ్మే."

"బొమ్మేనని ఎర్కైతనే ఉన్నది."

ఆవిడ కుర్చీ ఇటు తిప్పింది. "అచ్ఛా? ఎట్లా ఎర్కైంది?"

"నేల జూడుండ్రి. కాళ్ళ కాడ ఎంత మెరుస్తుందో కిటికీ కాడ గూడ అంతే మెరుస్తుంది. రాయి గట్ల మెరవది. మనం నిలబడ్డ కాడ మొద్దుగుంటది, దూరం పోయినకొద్ది అద్దమైతది. ఇంక గీ రాయి మీద గీత జూడుండ్రి. ఆడ మల్ల గదే గీత. ఒక్క రాయినే పదిసార్లు పరిచిన్రా ఏంది?"

కంప్యూటర్ మీద పనిచేసే వినీత్ పడీపడీ నవ్వాడు. "లో జీ, పోలీస్‌వాలీ ఆ గయీ!" అన్నాడు. పోలీసమ్మ వచ్చిందట. అప్పటినుంచీ నా పేరు అదే. మేడం నవ్వలేదు. ఆ నేలను రెండు రోజులు మళ్ళీ చేయించింది.

అప్పటినుంచి ఆఫీసులో ఒక పద్ధతి మొదలైంది. ఏ బొమ్మ బయటికి వెళ్ళాలన్నా ముందు నన్ను పిలవాలి. నాకు ఎక్కడ అనుమానం వస్తే తెర మీద అక్కడ వేలు పెట్టాలి. చాయ్ చేతి మరక పడుతుంది. ఆ తప్పు సరిచేసేదాకా మరక తుడవకూడదు. "స్క్రీన్ గందీ కర్‌దీ అమ్మా నే," అని, తెరంతా మురికి చేశానని వినీత్ ఏడ్చేవాడు. ఎర్ర దుప్పటి పక్కనున్న తెల్లగోడ తెల్లగా ఉండదని, కొంచెం ఎరుపు తాగుతుందని నేను చెప్పాను. పది చేతులు పడ్డ బల్ల అంచు కత్తిలా ఉండదని చెప్పాను. ఢిల్లీ చలికాలపు ఎండ పసుపుగా ఉండదు, దుమ్ములోంచి దిగి పాలరంగులో ఉంటుందని చెప్పాను. ఇవన్నీ నా కళ్ళకు ముందే తెలుసు. తెలియనిది ఒక్కటి ఆవిడ నేర్పింది. ఒకరోజు నేను ఊరికే "ఇది బాగలేదు" అని వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచింది.

"ఊరికే షక్ చేస్తే, అనుమానపడితే, అది చుగ్లీ అమ్మా, చాడీ. ఎందుకో చెప్తే అది పని. ఎందుకో చెప్పు."

ఆవిడ లేనప్పుడు ఆ 'ఎందుకో' రాసిపెట్టాలి. నాకు రాయడం రాదు. హిందీ నేర్పుతానంది. నేను ఒప్పుకోలేదు. "నాకు అనుమానం తెలుగులనే వస్తది మేడం," అన్నాను. ఆవిడ పెరిగింది సరోజినీ నగర్ సర్కారు క్వార్టర్లలో. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ఎక్కడినుంచో ఒక పెద్దబాలశిక్ష తెప్పించింది. నాకు అప్పటికి యాభై నాలుగేళ్ళు. సాయంత్రం చాయ్ వేళ ఇద్దరం పక్కపక్కన కూర్చుని దిద్దేవాళ్ళం. ఆవిడ దస్తూరి నాదానికంటే అధ్వాన్నం. అంత చదువుకున్నావిడ నా ముందు తప్పులు రాయడానికి సిగ్గుపడలేదు. ఆ సంగతి అప్పుడు నాకు పెద్దగా పట్టలేదు.

ఇక ఆ మంగళవారం సంగతి. రామ్మోహన్‌గారని కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైనాయన. ఆయన భార్య సుగుణగారు. నోయిడా అవతల ఫ్లాటు కొనుక్కున్నారు, లోపలి పనులకు బొమ్మలు మేడం చేయాలి. సుగుణగారికి చూపు తగ్గిపోతోంది. పగటి వెలుగు బాగా ఉంటేనే సూదిలో దారం ఎక్కుతుంది. కుట్టుపని పోతే ఆమెకు పొద్దుపోదు. ఆ ఇంట్లో రెండు పడగ్గదులు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఏది ఆమెదో బొమ్మలు చూసి తేల్చుకోవాలి. గురువారం వడ్రంగి వచ్చి, ఆమెది కాని గదిలో గోడకు పుస్తకాల అలమారాలు బిగించేస్తాడు. ఆ తర్వాత మార్చడానికి ఉండదు.

మెట్ల మీద రామ్మోహన్‌గారు మేడంతో అంటుండగా విన్నాను.

"ఆవిడ చిన్న గదికి ఒప్పుకునేలా ఉండాలండీ బొమ్మ. పెద్దదాంట్లో నా పుస్తకాలూ, రాతబల్లా పెట్టుకుంటాను."

"చూస్తాను అంకుల్," అంది మేడం.

ఆ 'చూస్తాను' నాకు నచ్చలేదు. నాలుగు రోజులకు చిన్న గది బొమ్మ తయారైంది. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీ మీద ఎండ, బట్ట మీద నూలు పోగులు కూడా కనిపిస్తున్నాయి. వేలు పెట్టడానికి చోటు లేదు. అంత బాగుండటమే నాకు గిట్టలేదు. పైగా ఆ బొమ్మకు నన్ను పిలవనేలేదు. ప్లాను తీసి చూశాను. బాణం గుర్తు ఉత్తరం చూపిస్తుందని వినీతే నాకు నేర్పాడు. ఆ కిటికీ ఉత్తరానికి ఉంది. చలికాలంలో ఉత్తరపు కిటికీలో ఎండ ఎక్కడిది?

"మేడం, ఇది ఉత్తరం కిటికీ గదా?"

"నాకు తెలుసమ్మా. నీ పని చూసుకో."

ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదలు. మేడం ఆయనకు అమ్ముడుపోయిందని అప్పుడే తేల్చేసుకున్నాను.

సుగుణగారు వచ్చి బొమ్మ కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "ఎంత ఎండండీ! ఇక్కడ కూర్చుంటే నా దారం నేనే ఎక్కించుకుంటాను," అంది. నేను చాయ్ గ్లాసులు కింద పెట్టి అనేశాను. "అమ్మా, గా బొమ్మను నమ్మకుండ్రి. పోయి జూసి చెప్పుండ్రి."

రామ్మోహన్‌గారు, "ఈవిడెవరండీ మధ్యలో?" అన్నారు. మేడం నా మొహం వైపు చూడలేదు. "ఠీక్ హై. మంగళవారం వెళ్దాం. బొమ్మలో ఉన్న గంటకే వెళ్దాం," అంది. ప్రతి బొమ్మకూ మూల మీద అది ఏ గంట వెలుగో సన్నటి అంకెల్లో వేయడం ఆవిడ అలవాటు. దాని మీద పదకొండు ఇరవై అని ఉంది.

వినీత్‌తో సహా అందరం వెళ్ళాం. తలుపు తీసి చిన్న గదిలోకి అడుగుపెడితే, నేల మీద ఎండ. బొమ్మలో ఎక్కడుందో అక్కడే, అదే ఆకారంలో. కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. సూర్యుడు ఇటు లేడు, మా భవనం వెనకాల ఉన్నాడు. ఎదురుగా ఉన్న టవరుకు నిలువెల్లా అద్దాలు. ఎండ వాటికి తగిలి తిరిగి ఈ గదిలో పడుతోంది.

"అబ్ బోలో, పోలీస్‌వాలీ," అన్నాడు వినీత్.

సుగుణగారు సంచీలోంచి సూదీ దారం తీసింది. ఒక్క దెబ్బకు ఎక్కించింది. చిన్నపిల్లలా సూదిని పైకెత్తి చూపించింది. "నాకు ఇదే గది కావాలండీ." రామ్మోహన్‌గారు అప్పటికే తలుపు దగ్గరున్నారు. "అయితే పదండి, ట్రాఫిక్ మొదలవుతుంది." నేను మేడం దగ్గరికెళ్ళి, తప్పైంది మేడం అనబోయాను.

ఆవిడ నా మాట వినలేదు. చున్నీ సర్దుకుని ఆ దుమ్ము నేల మీద కూర్చుంది.

"ఇంకో అరగంట కూర్చుందాం అంకుల్."

"ఎందుకండీ, చూశాంగా?"

"కూర్చోండి ప్లీజ్."

అందరం కూర్చున్నాం. ఎండ గోడవైపు జరిగింది. సన్నబడింది. పన్నెండు కాకముందే, ఎవరో దుప్పటి లాగినట్టు, పోయింది. గది బూడిదరంగైంది. మేడం సూదిలోంచి దారం లాగేసి సుగుణగారి చేతికిచ్చింది. "ఆంటీ, మళ్ళీ ఎక్కించండి." ఆమె నాలుగుసార్లు ప్రయత్నించింది. దారం తడిపింది, కళ్ళు చికిలించింది. ఐదోసారి చేయి దించేసింది.

"ఇక్కడ రోజుకు ఇంతే ఆంటీ వెలుగు. అంకుల్ అబద్ధపు ఎండ పెట్టమనలేదు, నేనూ పెట్టలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇక్కడ కూర్చుని, బాగుండే ఒక్క గంట వెతికి పట్టుకున్నాను. మిగతా గంటలు మీకు చూపించలేదు. గంట రాశాను కదా అని నాకు నేను చెప్పుకున్నాను."

"కండ్లు కనబడనామెకు గంత సన్నగ రాస్తరా?" అన్నాను. మర్యాద తెలియని నోరు నాది.

"అదే అమ్మా," అంది. "నీ షక్ సరైందే. నువ్వు చెప్పిన కారణమే తప్పు."

రామ్మోహన్‌గారు గొంతు సవరించుకున్నారు. "మరి నా రాతబల్ల ఎక్కడ పెట్టుకోను?"

"ఇక్కడే పెట్టుకోండి," అంది సుగుణగారు, సూదిని దారపు ఉండకు గుచ్చుతూ. "మీకు పదకొండు ఇరవైకి మంచి ఎండ వస్తుందిగా."

ఆయనే ముందు నవ్వారు. పెద్ద గది ఆమెదైంది. దక్షిణపు కిటికీ, రోజంతా వెలుగు. వడ్రంగికి ఫోన్ చేసి అలమారాలు చిన్న గదికి మార్పించారు. ఆ తర్వాత మేడం ఉన్నన్నాళ్ళూ ఏ గదికీ ఒక్క గంట బొమ్మ ఇవ్వలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడూ ఇచ్చేది. కొందరికి నచ్చేది కాదు, వేరేచోటికి వెళ్ళిపోయేవారు. పోనిమ్మనేది.

ఆవిడ లేచి తలుపు వైపు నడిచి ఉంటే ఆ రోజు ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. నేను క్షమాపణ చెప్పేదాన్ని, జీవితాంతం నన్ను నేనే తప్పుపట్టుకునేదాన్ని. మెట్ల మీద విన్న ఒక్క మాటతో ఆవిడ మీద తీర్పు చెప్పాను, గదిలో కనిపించిన ఒక్క వెలుగుతో దాన్ని తిప్పేశాను. రెండుసార్లూ తొందరపడ్డాను. అనుమానం నన్ను ఇప్పటికీ వదల్లేదు, వదలాలని కూడా లేదు. కాకపోతే ఎవరి మీద వచ్చినా, నమ్మేముందూ కాదనేముందూ ఇంకో అరగంట కూర్చుంటున్నాను. తీపిమాటల డాక్టరు ముందైనా, మూతి ముడుచుకున్న నా కూతురు ముందైనా అంతే.

ఆ రోజు ఆ గదిలో దుమ్ము నేల మీద అరగంట కూర్చున్నవాళ్ళం ఐదుగురం. కిటికీ కింద సుగుణగారు, తలుపుకు దగ్గరగా రామ్మోహన్‌గారు, గోడకు ఆనుకుని వినీత్, ఆ పక్కన బాలమణి అనే నేను, అందరికంటే ముందు కూర్చున్న వసుంధర మేడం.