నా వేలికి తగిలిన బంతి

ఆ బంతి తగిలింది నా వేలికి. ఈ మాట ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు.

మా కాలేజీ కోనసీమలో. వాలీబాల్ మ్యాచ్ అంటే చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చేవి. మాకు ఆట నేర్పిన మాస్టారిది ఒకటే పట్టుదల: నెట్ దగ్గర బ్లాక్‌కి లేచినప్పుడు బంతి ఎవరికి తగిలి బయటికి పోతే వాళ్లే చెయ్యెత్తి ఒప్పుకోవాలి, రిఫరీ చూడకపోయినా సరే. ఫైనల్లో ఆఖరి సెట్టు చివరికొచ్చింది. నేనూ నా స్నేహితుడూ కలిసి లేచాం. బంతి నా వేలి కొసను రాసుకుంటూ వెళ్లి గీత అవతల పడింది. రిఫరీ మాకు పాయింటు ఇవ్వబోయాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. వాడు చెయ్యెత్తాడు.

ఓడిపోయాం. మా కాలేజీ కుర్రాళ్లే వాడి మీద మట్టిబెడ్డలు విసిరారు. మాస్టారు వాడి భుజమ్మీద చెయ్యి వేసి బస్సు దాకా నడిపించుకెళ్లారు.

తొంభైల చివర ఇద్దరం కువైట్ వచ్చాం. నాకు షర్క్‌లో ఆఫీసు పని, వాడికి అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో కూలి పని. శుక్రవారాలు సబ్హాన్‌లో గోదాముల వెనక నెట్ కట్టి మా కాలేజీ వాళ్లం ఆడేవాళ్లం. వాడు కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు అందుకునేవారు: "చెయ్యెత్తేవోడొచ్చాడ్రోయ్, పాయింట్లు దాచుకోండి!" అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

మాస్టారు పోయారని తెలిశాక ఆయన పేరు మీద పోటీ పెట్టాం, ఆయన ఫొటోతో చొక్కాలు కుట్టించాం. వాడు బతిమాలి సెలవు తీసుకుని వచ్చాడు.

"ఆయన పేరు మీద ఒక్క మ్యాచ్ ఆడనియ్యరా," అన్నాడు.

కెప్టెన్ని నేనే. "మనోళ్లు గొడవ చేస్తారేమోరా, నువ్వు స్కోరు రాయి," అన్నాను. రాశాడు. మళ్లీ సబ్హాన్ రాలేదు.

ఏళ్ల తర్వాత ఒక శుక్రవారం అక్కడ అందరి ముందూ నిజం చెప్పాను. పాతవాళ్లు చాలామంది అప్పటికే ఇండియా వెళ్లిపోయారు. మాస్టారి ఫొటో చొక్కా వేసుకున్న కొత్త కుర్రాడొకడు, "ఇప్పుడెందుకన్నా అయ్యన్నీ? సర్వీస్ కొట్టు, యల్లా," అన్నాడు. ఆట మొదలైంది. బ్లాక్‌లో తగిలిందని ఎవడో ఒప్పుకోబోతే, "చెయ్యెత్తేవోడిలా తయారవకురోయ్!" అని నాలుగు గొంతులు అరిచాయి. మాస్టారు నేర్పినది మా దగ్గర తిట్టుగా మిగిలింది.

మర్నాడు అమ్ఘరా వెళ్లాను. వాడు ఇనప ముక్కలు వేరు చేస్తున్నాడు.

"ఆ బంతి నాకే తగిలిందిరా."

"నాకు తెల్దేంటి? పక్కనేగా ఉన్నాను. నువ్వెత్తుతావని చూశాను. మాస్టారు చూస్తన్నారు, ఎవరో ఒకళ్లు ఎత్తాలి గదా."

"అందరికీ చెప్పానురా నిన్న."

"చెప్పి ఏం లాభవులే. మా యజమాని, కఫీల్, ఇఖామా రెన్యువల్ చెయ్యనన్నాడు, ఇంక ఇక్కడుండే కాయితం లేదు. వచ్చేవారం ఊరెల్లిపోతన్నాను. ఖలాస్."

మళ్లీ పనిలోకి వంగాడు. వెళ్లిపొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు.

"మాస్టారి పేరు మీద నిన్ను ఆడనివ్వనిది కూడా నేనే. ఎవరూ గొడవ చేస్తామనలేదు. దానికీ, ఆ రోజుకీ, అందరితో కలిసి నవ్వినందుకూ క్షమించరా," అన్నాను.