బట్ట కన్నా లావైన ఇండెక్సులు

మా మామ బ్యాండేజీ ఫ్యాక్టరీని నేను ఒక్క మధ్యాహ్నంలో నిలబెట్టినాను. పైకి తెచ్చినాననుకొనేరు! లేదు, కదలకుండా నిలిపేసినాను.

అప్పుడే చదువు ముగించి తమిళనాడులో మామ ఉండే రాజపాళయం వచ్చినాను. ఫ్యాక్టరీలో కంప్యూటర్ మనిషిని నేనే. ఒక్కొక్క బట్ట రోల్ స్కాన్ చేస్తే డేటాబేసులో ఒక వరస చేరుతుంది. ఆ తర్వాతే రోల్ లారీ ఎక్కాల.

"ఒరే అల్లుడా, ఏం వెతికినా సీక్రం దొరకలేదే," అన్నాడు మామ ఒకనాడు.

పుస్తకం చివర పట్టిక ఉంటే పేజీ తొందరగా దొరుకుతుంది కదా, డేటాకు ఇండెక్సు అట్లాంటిది. రోల్ నంబరుకు ఒకటి చాలు. నేను ఊరుకొంటానా? రంగుకూ పెట్టినాను. మా దగ్గరుండే రంగు తెలుపు ఒక్కటే! డ్రైవర్ ఇనిషియల్‌కు కూడా పెట్టినాను.

జవాబులు రెప్పపాటులో వచ్చినాయి. మామ వీపు తట్టినాడు. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

అయితే ఒక రోల్ చేరితే ప్రతి ఇండెక్సులోనూ ఒక గుర్తు చేరాల. రోల్స్ చేరేకొద్దీ అవి పెళ్లికొచ్చి తిరిగిపోని చుట్టాల మాదిరి లావెక్కినాయి. గోరంత డేటాకు కొండంత ఇండెక్సులు!

ఒక మధ్యాహ్నం డిస్కులో చోటు అడుగంటింది. స్కాన్ చేసే ముత్తులక్ష్మి అక్క కేకేసింది.

"తంబీ, ఒక్కొక్క రోల్ కంప్యూటర్లోకి నత్త మాదిరి ఎక్కుతా ఉంది!"

బయట లారీ హారన్. లోపల సరుకేదని మదురై ఆస్పత్రి ఫోన్. మామ కుర్చీలో కూర్చోడు, నన్ను కూర్చోనీడు.

"ఏమైందిరా?"

"ఇండెక్సులు ఉబ్బినాయి మామా. మళ్లా కట్టిస్తే సన్నబడతాయి."

కట్టించేటప్పుడు పాత ఇండెక్సు ఉండగానే పక్కన కొత్తది లేస్తుందని నాకేం తెలుసు! మిగిలిన చోటు కాస్తా మింగేసింది.

"సన్నబడినాయా?"

"అంతా నిలిచిపోయింది మామా."

చెమటలు కారతా, పేరైనా చూడకుండా కనపడిన ఇండెక్సునల్లా పీకేసినాను. చోటు దొరికింది. రోల్స్ టకటకా ఎక్కినాయి, లారీ బయలుదేరింది. నేను దర్జాగా టీ తెప్పించుకొన్నాను.

ఇంతలో మామ వచ్చినాడు. "ఆస్పత్రివాళ్లు ఒక రోల్ నంబరు చెప్పి, లారీలో ఉందా అని అడుగుతా ఉండారు. చూడు."

నంబరు కొట్టినాక గుర్తొచ్చింది, ఆ నంబరు ఇండెక్సును కూడా పీకేసినానని! పాత కంప్యూటర్ మొదటి రోల్ నుంచి ఒక్కొక్కటే తడుముకొంటా పోయింది.

"దొరికిందా?"

"వెతుకుతా ఉంది మామా."

"ఇప్పుడు?"

"ఇంకా వెతుకుతానే ఉంది మామా."

పొద్దు గూకే వేళకు మామ ఫోన్ మోగింది. డ్రైవర్. "మొదలాళీ, మదురై చేరినాను. వాళ్లడిగిన రోల్ వాళ్ల చేతికే ఇచ్చేసినాను."

మామ నా వైపు తిరిగినాడు. "ఇంక ఆపించురా. లారీ వెతికిచ్చేసింది."

కూర్చున్న కుర్చీలోనే కళ్లు మూసుకొని ప్రమాణం చేసినాను. ఈ జన్మలో దేన్నీ పేరు చదవకుండా పీకను. అది కలుపు మొక్కయినా సరే!