ఏకాంబరం కుట్టు

మా పెద్దనాయన ఏకాంబరం చిల్లిని చూసి ఊరుకోలేడు. పెళ్ళిపందిట్లో కూర్చున్నా పక్కాయన పంచె అంచు ఊడి ఉంటే కళ్ళన్నీ దాని మీదే. ఒకసారి బస్సులో ముందు సీటు ముసలాయన భుజం మీది తువ్వాలు అడిగి తీసుకుని, పుత్తూరు దాటేలోపల చిరుగు అతికి చేతికిచ్చాడు. మా పెద్దమ్మ చంద్రకాంతమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. "ఈ మనిసితో బయటికి పోవాలంటే నాకు బయ్యంగా ఉండాది" అని ఇప్పటికీ అంటుంది.

నగరిలో ఆయన పని అదే. మగ్గం మీద పోగులు తెగి గుడ్డలో చిల్లి పడితే మగ్గాల షెడ్ల వాళ్ళు ఆయనకే కబురు పెట్టేవాళ్ళు. ఆయన గుడ్డను తొడ మీద పరుచుకుని, అదే గుడ్డ కొసలోంచి పీకిన పోగును సూదికెక్కించి, పడుగు కింద ఒకసారి, పైన ఒకసారి నడిపేవాడు. వెలుతురుకు పట్టి చూసినా అతుకు కనపడేది కాదు. ఏకాంబరం కుట్టు కనపడదు, ఊడదు అని చుట్టుపక్కల పేరు. ఆ పేరు తప్ప ఆయన సంపాదించింది ఏమీ లేదు. అదే చాలనుకునేవాడు. ఆ పేరు ఎవరైనా ఎత్తితే లోపల పొంగిపోతూ పైకి ఏమీ ఎరగనట్టు మీసం తుడుచుకునేవాడు. మేమంతా దానికి నవ్వేవాళ్ళం.

ఆ తర్వాత మగ్గాలు ఆగిపోయాయి. ఒక్కో షెడ్డూ మూతపడుతుంటే, మగ్గాలను పాత ఇనుము కింద లారీలకెక్కించారు. చెన్నైలో ఒక చేపల రేవు దగ్గర వలలు బాగుచేసే పని ఉందని తెలిసి పెద్దనాయన రైలెక్కాడు. ఇంట్లో కరివాడు, అంటే ఎండుచేప, వేయిస్తే వీధిలోకి పోయి నిలబడే మనిషి, వారమంతా ఆ చేపల వాసనలోనే పడుకుని, శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవాడు.

"గుడ్డకైనా వలకైనా సిల్లి సిల్లే గదా జానూ. సెయ్యి పని మర్సిపోదులే" అన్నాడు నాతో.

ఆ మాటే ఆయన కొంప ముంచింది. ఆయన పని చేసే ఓనరుకు కొన్ని మరబోట్లు ఉన్నాయి. వాటి వలలు పొడుగాటి సంచుల్లా ఉంటాయి. సంచి మెడ దగ్గర మత్స్యశాఖ వాళ్ళు ఇనుప కమ్మీల చట్రం ఒకటి పెట్టించారు. చేపలు, రొయ్యలు కమ్మీల సందులోంచి లోపలికి పోతాయి. తాబేలు పడితే కమ్మీలకు తగిలి ఆగి, పక్కనున్న కంతలోంచి బయటికి పోతుంది. ఆ కంత మీద వల ముక్క ఒకటి రెక్కలా ఉంటుంది. దాన్ని మూడు వైపులా కుట్టి, తాబేలు తోసుకుని పోవడానికి నాలుగో వైపు వదిలేస్తారు. ఇదంతా ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేతగాడి కంటికి అది ఎవడో సోమరిపోతు సగంలో వదిలేసిపోయిన అతుకు. నాలుగో వైపు కూడా కుట్టేశాడు. తన పద్ధతిలో, కనపడకుండా, ఊడకుండా.

బోటు వేటకు పోయి వచ్చినప్పుడు సరంగు చిన్నబ్బ మొహం వేలాడేసుకుని దిగాడు. సరంగంటే బోటు నడిపేవాడు. తడ దాటాక సముద్రం పక్క పల్లెలో పుట్టిన తెలుగువాడు. పెద్దనాయనను చేయి పట్టి బోటు మీదికి తీసుకుపోయాడు. అక్కడ గోనెపట్టా కింద ఒక తాబేలు ఉంది. వలలో చాలా పడ్డాయట. మిగతావి పైకి తీసేసరికే చచ్చిపోయి ఉంటే దండం పెట్టుకుని నీళ్ళలో వదిలారు. ఇది ఒకటి కాలు కదిపిందని, నీడలో పెట్టి, పైన నీళ్ళు పోస్తూ తెచ్చారు. రేవు కనపడే లోపల అదీ పోయింది.

"సముద్రంలో ఉండేదానికి నీళ్ళల్లో సావేందప్పా?" అని అడిగాడు పెద్దనాయన.

"అది సేప కాదన్నా. మన మాదిరే గాలి పీల్సేది. ఊపిరికి పైకి రావాల. వలేసి గంటలు గంటలు లాగుతాము, దానికి దారి లేకపోతే ఆడనే ఊపిరాడక పోతాది" అన్నాడు చిన్నబ్బ. "ఆ దారి నువ్వు కుట్టేసినావు."

పెద్దనాయన ఆ తాబేలు పక్కనే కూర్చుండిపోయాడు. దాని మెడ ముడతలు పడి మా అవ్వ మెడలా ఉందట. కళ్ళ చుట్టూ తడి ఉందట. ఆ వారం ఇంటికొచ్చి పెద్దమ్మతో ఇదంతా చెప్పి, అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

ఓనరు మాత్రం తెగ సంబరపడ్డాడు. ఆ కంతలోంచి చేపలు కూడా జారిపోతున్నాయని ఆయన ఏడుపు. ఇప్పుడు చేప నిండుగా వచ్చింది. పైగా అధికారి వచ్చి చూసినా రెక్క రెక్కలాగే ఉంటుంది, కుట్టు కనపడదు. "నీలాంటి పనోడి కోసమే కాచుకోని ఉండా. అన్ని బోట్లకూ ఇట్నే కుట్టు. లేదంటే రేపట్నుంచి రావద్దు" అన్నాడు.

కాదని వచ్చేస్తే వేరొకడి చేత కుట్టిస్తాడు. ఒప్పుకుంటే ఆ తాబేలు కళ్ళు నిద్రపోనివ్వవు. పెద్దనాయన ఆ శనివారం ఇంటికి రాగానే అటక మీదున్న పాత నూలు కండెలు దించాడు. వల రంగు రావడానికి ఆకుపచ్చ అద్దకం వేశాడు. పెద్దమ్మ చేత గంజి కాయించి, పోగుకు గట్టిగా పట్టించి, పెరట్లో ఆరేశాడు. ఆరాక అది నైలాను దారం లాగే బిర్రుగా, మెరుస్తూ ఉంది. వలలన్నీ నైలానుతోనే కుడతారు మరి. గంజి పెట్టిన నూలు వేళ్ళకు గట్టిగానే తగులుతుంది. ఉప్పునీళ్ళలో నానితే మాత్రం గంజి కరిగిపోతుంది, పోగు మెత్తబడుతుంది. చిన్న చేప తగిలితే ఆగుతుంది, తాబేలు తోస్తే తెగిపోతుంది.

"ఊడిపోయే కుట్టు కుడతావా? నువ్వా?" అంది పెద్దమ్మ.

"నేనే" అన్నాడు ఆయన. అప్పుడు మీసం తుడుచుకోలేదు.

అన్ని బోట్లకూ ఆ నూలుతోనే కుట్టాడు. బోటు తిరిగి రాగానే ఎవరూ చూడకముందే తెగిన పోగులు పీకేసి, మళ్ళీ కుట్టేవాడు. చిన్నబ్బ చూసి కూడా చూడనట్టు ఉండేవాడు. వలలో తాబేలు పడి చావడం ఆగిపోయింది. ఆ కొన్నాళ్ళు పెద్దనాయన ఇంట్లో నవ్వుతూ తిరిగాడు.

వేసవిలో వేట ఆపేసే ముందు ఒక రోజు, బోటు వచ్చేసరికి ఓనరు రేవులోనే ఉన్నాడు. పైకి లాగిన వలలో రెక్క తెరుచుకుని వేలాడుతోంది, తెగిన పోగులు దానికి అంటుకుని ఉన్నాయి. రేవులో అందరూ చూస్తుండగా ఆ పోగులను పీకి పెద్దనాయన మొహాన కొట్టాడు. "నగరి పనోడంట, పెద్ద పేరంట! ఉప్పునీళ్ళకే ఊడిపోయే కుట్టు!" అని అరిచాడు. కావాలనే అలా కుట్టానని పెద్దనాయన అంటే, తెలిసీ దాచినందుకు చిన్నబ్బ పని కూడా పోతుంది. అందుకని చేతులు కట్టుకుని, "కండ్లు ఆనడం లేదు సార్. సేతిలో పట్టు పోయినాది" అన్నాడు.

జీవితంలో ఆయన చెప్పిన అతి పెద్ద అబద్ధం అది. అది ఆయనకంటే ముందే నగరికి చేరింది. ఏకాంబరం చెయ్యి పడిపోయిందని, కుట్టు నిలవడం లేదని టీ కొట్టు దగ్గర కూడా అనుకున్నారు. మూతపడకుండా మిగిలిన నాలుగు షెడ్ల వాళ్ళూ పిలవడం మానేశారు. ఎదురైనవాళ్ళు "కంటికి ఆపరేషన్ చేయించుకోరాదా అన్నా" అని జాలిగా అడిగితే, సరేనని తలూపేవాడు. నాకైతే వాళ్ళ మొహాల మీద నిజం విసిరికొట్టాలని ఉండేది. పెద్దమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది.

ఓనరు పెద్దనాయనను తీసేసిన ఆ పనిలోకి మా నాయన గిరిప్రసాద్ వెళ్ళాడు. పెద్దనాయనకు సొంత తమ్ముడు. ఆ కుట్టు అన్న దగ్గర నేర్చుకున్నవాడు. బయలుదేరే రోజు పెద్దనాయన గంజి పెట్టిన పచ్చనూలు తెచ్చి చేతిలో పెట్టాడు.

"దీంతో కుట్టరా గిరీ."

"కుట్టి, నీ మాదిరి తన్నించుకోని రావాల్నా? జానూ కాలేజీ యాడికి పోతాదన్నా?" అన్నాడు మా నాయన.

కాలేజీలో నా సీటు నిలబడింది. నాయన కుట్టిన నైలాను దారంతో నిలబడిందని నాకు తెలుసు. తెలిసీ రోజూ కాలేజీకి పోయాను, ఇంట్లో నాయన మీద అరిచాను, ఆయన పెట్టిన అన్నమే తిన్నాను.

ఆ తర్వాతి జనవరిలో చెన్నై ఒడ్డుకు చచ్చిన తాబేళ్ళు కొట్టుకొచ్చాయని ఫోన్లలో ఫొటోలు వచ్చాయి. పెద్దనాయన నా ఫోను అడిగి తీసుకుని, ఒక్కో ఫొటో వేలితో పెద్దది చేసి చూశాడు. "నన్ను ఆడికి తోడుకోని పో జానూ" అన్నాడు. పొద్దున్నే రైలెక్కాం.

ఇసుకలో గుంతలు తవ్వి పూడుస్తున్నారు. ఇంకా పూడ్చనివి వరసగా పడి ఉన్నాయి. కళ్ళు ఉబ్బి, మెడలు చాపి, కొన్నిటి నోటి దగ్గర ఎండిన నెత్తురు. పెద్దనాయన ప్రతి దాని దగ్గరా వంగి, తలను మెల్లగా తాకి, ముందుకు నడిచాడు. ఎన్నో బోట్లుంటాయి, ఎన్నో వలలుంటాయి, ఇవన్నీ నాయన కుట్టు వల్లే కాదని ఆయనకు చెప్పాను. నాకే చెప్పుకున్నానేమో. ఆయన అక్కడి నుంచి రేవుకు దారి తీశాడు.

రేవులో మా నాయన వల ముందు కూర్చుని ఉన్నాడు. బోటు బయలుదేరబోతోంది. అన్నను చూసి లేచి నిలబడ్డాడు. తిట్టు తినడానికి సిద్ధంగా ఉన్నట్టు తల వంచుకున్నాడు. పెద్దనాయన వల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రెక్క అంచంతా వేళ్ళతో తడిమాడు. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు, మళ్ళీ వెనక్కు.

"యాడ కుట్టినావురా?" అన్నాడు.

నాయన చూపించాడు. పెద్దనాయన చాలాసేపు ఆ చోటనే వేలు పెట్టుకుని ఉన్నాడు.

"బాగుండాదిరా. ఒక్క పోగు జారదు. నాకన్నా బాగా కుట్టినావు" అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే అన్నాడు.

మా నాయన అన్న పక్కన కూలబడ్డాడు. "ఇప్పేస్తానన్నా. ఇప్పుడే ఇప్పేస్తా" అన్నాడు. ఓనరు నాలుగడుగుల దూరంలో ఐసు పెట్టెలు ఎక్కిస్తున్నాడు. కత్తి పెడితే చూస్తాడు. దారం కొస దొరికితే, పట్టుకుని లాగేస్తే చాలు. అన్నదమ్ములిద్దరూ తలలు ఆనించి ఆ కొస కోసం వెతికారు. గోళ్ళతో గీరారు. నేనూ కూర్చుని వెతికాను. ఎక్కడ ముడి వేశాడో మా నాయనకే దొరకలేదు.

"లెయ్యండబ్బా, టైమైపోయినాది" అని బోటువాళ్ళు వలను మా చేతుల కిందనుంచి లాగేసుకుని పైకి చుట్టారు. చిన్నబ్బ పైనుంచి మా వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. ఇంజను శబ్దం చేసింది. బోటు రేవు దాటి, మిగతా బోట్లలో కలిసిపోయేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. పెద్దనాయన చెయ్యి మా నాయన భుజం మీద ఉంది. వలలో ఆ దారి మూసే ఉంది.