లోహపు కవాటం వద్దన్నాను

గుండెలోంచి పెద్ద రక్తనాళం బయల్దేరేచోట ఉండే కవాటం సున్నం పట్టి బిగుసుకుపోయిందని విశాఖ డాక్టరు చెప్పేనాటికి నాకింకా యాభై నిండలేదు. కాఫీ తోటలో పది అడుగులు ఎక్కితే ఆయాసం. మందులతో పోదు, రొమ్ము కోసి మార్చాల్సిందే అన్నాడు. లోహంతో చేసిన కవాటమైతే జీవితాంతం పనిచేయొచ్చు, కాని రక్తం పలచబడే మాత్ర రోజూ వేసుకోవాలి, తరచూ రక్తపరీక్ష చేయించుకోవాలి. జంతువు కణజాలంతో చేసిందైతే ఆ మాత్ర ఎక్కువ కాలం అక్కర్లేదు, కాని పది పదిహేనేళ్లకు అరిగిపోతుంది, మళ్ళీ మార్చాలి. నా వయసుకు లోహపుదే మేలన్నాడు.

మా ఆయన అక్కడికక్కడే తేల్చేశాడు. "ఇనపదే ఏయించీసుకో. ఓపాలి కోత్తే సాలదా ఏటి?"

నేనూ సరేనన్నాను. లేచి వచ్చేస్తుంటే డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఆకుకూరలు మానక్కర్లేదట, రోజూ ఒకే కొలతలో తినాలట. హెచ్చుతగ్గులైతే మాత్ర లెక్క తప్పి రక్తం గడ్డకట్టొచ్చు, లేదంటే కారడం ఆగకపోవచ్చు. ఇదేం బ్రహ్మవిద్యా అనుకున్నాను. ఆపరేషనుకు మూడు వారాల గడువుంది. ఈలోగా అలవాటవుతుందని రోజూ ఒక్క గుప్పెడు ఆకు కొలిచి వండుకోవడం మొదలుపెట్టాను.

నాలుగు రోజులు సాగింది. ఐదో రోజు చోడి నాట్లు, అదే రాగి నాట్లు, వచ్చిపడ్డాయి. మా కొండల్లో నాట్లంటే ఇవాళ అందరం ఒకరి చేలో, రేపు ఇంకొకరి చేలో. ఎవరి చేలో పనైతే వాళ్లే తిండి పెడతారు. వానాకాలం కూరంటే అడవిలో కోసిన ఆకే. నాటలేక గట్టున కూర్చుని నారు అందిస్తున్న నాకూ దొప్ప నిండా వేశారు. చాలన్నాను.

"మా ఇంటి కూర నీకు సేదా?" అంది ఆ ఇంటి ముసలమ్మ.

తినేశాను. మర్నాడు ఇంకో చేలో కూరే లేదు, ఉప్పేసిన అంబలి పోశారు. వారం తిరిగేసరికి నా కొలత గంగలో కలిసింది. మొదట సిగ్గేసింది, తర్వాత ఒళ్లు మండింది. చేతిలో రోజంతా కత్తి, కాళ్లకు ముళ్లు, గీసుకుంటే రక్తం ఆగదు, పరీక్షకేమో ప్రతిసారీ కొండ దిగాలి. నలుగురితో కూర్చుని తినలేని బతుకు నాకొద్దు.

జంతువుదే వేయించుకుంటానన్నాను. మా ఆయన అడ్డుపడ్డాడు. "మళ్ళీ కోత్తారే. అప్పుడు నువ్వు తట్టుకోలేకపోతే నానేటి సేసేది?"

ఆ భయం నాకూ ఉందని చెప్పాను. అయినా మాట మార్చలేదు. డాక్టరు అన్నీ మరోసారి వివరించి, సంతకం పెట్టించుకుని, నేను కోరిందే వేశాడు.

పదకొండేళ్లు నాట్లకు వెళ్లాను. ఈ మధ్య మళ్ళీ ఆయాసం మొదలైంది. కవాటం అరిగిందని స్కానులో తేలింది.

"తొడ దగ్గర రక్తనాళం గుండా పాతదాని లోపలే కొత్తది పెట్టగలమేమో చూస్తాం. కుదరకపోతే కోయాలి. కోయాల్సి వస్తే ఈసారి లోహపుది వేసేయమంటారా?" అన్నాడు డాక్టరు.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు.

"వద్దు బాబూ. కోసినా సరే, జంతువుదే ఎయ్యండి. ఈవిడ నాట్లకి ఎల్లాల."

అంటూనే, కొయ్యకుండా కుదిరేదీ లేనిదీ ఎప్పటికి తేలుతుందని రెండుసార్లు అడిగాడు.