మైకులో చెప్పనన్న మాట

నాచారంలో మైకు ఆటో అంటే శాంసన్‌దే. కరెంటు కోత, చర్చి కూటాలు, తప్పిపోయిన పిల్లలు, ఏ సంగతైనా లాలాపేట్ నుంచి ఉప్పల్ దాకా ఆయన గొంతుతోనే జనానికి తెలిసేది. ఒకసారి ఓట్లప్పుడు, నల్లా నీళ్లు రోజూ వస్తున్నాయని చెప్పమంటే "మా ఇంట్ల వస్తలేవన్నా" అని మైకు కింద పెట్టేసిన మనిషి.

సరిహద్దులో పక్క దేశంతో కాల్పులు మొదలైన ఆ మే నెలలో కాలనీ సంఘం అధ్యక్షుడు ఉమామహేశ్వర్ ఆయన్ని పిలిపించాడు. సైరన్ మోగితే లైట్లు ఆర్పాలని, కిటికీల దగ్గర నిలబడొద్దని శాంసన్ గల్లీ గల్లీ తిరిగి చెప్పాడు. మర్నాడు ఉమామహేశ్వర్ తానే ఆటో ఎక్కి ఇంకో మాట కలపమన్నాడు: "మన దగ్గర అణుబాంబులున్నాయి. వాళ్లు ఒక్కటి వేస్తే వాళ్ల దేశమే మిగలదు. ఎవరూ భయపడొద్దు."

శాంసన్ ఒక గల్లీలో చెప్పాడు. రెండో గల్లీలో లక్ష్మీనర్సమ్మ అనే ముసలామె కూరగాయల సంచితో ఆటోకు అడ్డం వచ్చింది.

"బిడ్డా, మనోళ్లు ఎప్పుడేస్తరు? ఈడ పడకముందా, పడ్డంకనా?"

"పడ్డంకనే అమ్మా."

"గప్పుడు నేనుంటనా?"

ఉమామహేశ్వర్ అందుకున్నాడు.

"పడదమ్మా. మనం తిరిగి ఏస్తమని వాళ్లకు భయం, వాళ్లేస్తరని మనకు భయం. గా భయంతోనే ఇన్నేండ్లు ఎవ్వరూ వెయ్యలే."

శాంసన్‌కు ఒళ్లు మండిపోయింది.

"భయం మీదనే బతుకుతున్నమని నువ్వే అంటివి. మరి భయపడొద్దని నాతోని ఎందుకు సెప్పిస్తున్నవన్నా? రేపు ఎవనికన్న తిక్క లేస్తే? ఆడ గూడ గిసొంటి అవ్వలే ఉంటరు. ఆళ్లు సస్తరని సంబురంగ సెప్పాల్నా?"

"దేశం మీద ప్రేమ లేదా నీకు?"

"ఈ గల్లీ దేశం గాదా? దిగు!"

మైకు కట్టేసి, ఆయన్ని అక్కడే దింపి వెళ్లిపోయాడు.

సంఘం ఇంకో ఆటో మాట్లాడుకుంది. ఆ ఏడాది బోనాలకు, వినాయక చవితికి శాంసన్‌ను ఎవరూ పిలవలేదు. చర్చిలోనూ కొందరు ముఖం తిప్పుకున్నారు.

కాల్పులు ఆగిన చాన్నాళ్లకు ఉప్పల్ బస్టాపులో భార్యతో ఉన్న శాంసన్‌కు ఉమామహేశ్వర్ ఎదురయ్యాడు. "సూసినవా, బాంబే కాపాడింది" అన్నాడు నవ్వుతూ. భార్య దోర్కా "పోనియ్యరాదు" అని చెయ్యి పట్టి లాగినా శాంసన్ కదల్లేదు.

"ఈసారి పడలే, గంతే. పడితే తప్పైందననీకి నువ్వుండవు, ఇననీకి నేనుండ."

ఇంటికి చేరేదాకా ఆయన కోపం దిగలేదు.