మొదటి ముక్క

బేకరీ ఆయన చేతులు ఖాళీగా ఉండలేవు. పిండి పిసకడం అయిపోతే బల్ల తుడుస్తాడు, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తాడు. కొలెస్ట్రాల్ పెరిగిందని తెలిసిన దగ్గర్నుంచి మరీను. డాక్టరేమో వెన్న మానమన్నాడు. బావమరిది వచ్చి, "వెన్న కాదు బావా, నీ కొంప ముంచేది ఆ రొట్టే. మాంసం తిను, గుడ్లు తిను" అన్నాడు. ఎవరి మాట వినాలో తేలక ఈయన అన్నీ మానేసి కీరా ముక్కలు నములుతూ కొట్టంతా తిరుగుతున్నాడు. పొయ్యిలోంచి తీసిన మొదటి రొట్టెను తుంచి రుచి చూసే పాత అలవాటూ దాంతోనే పోయింది.

మొన్న పొద్దున అమ్మిన రొట్టెలన్నీ మధ్యాహ్నానికి తిరిగొచ్చాయి. పిండిలో ఉప్పు వేయడం మరిచిపోయాడు. "మీ పథ్యం మాకూ అంటించారేంటండీ?" అని పక్క కొట్టు దర్జీ నవ్వాడు. ఆయన నవ్వలేదు. ఉప్పు మరిచిన చేతిని రెండోసారి ఎవరు నమ్ముతారు?

మర్నాడు మొదటి ముక్కను భార్య నోటికి అందించాడు. ఆవిడ నమిలి, "బాగుంది, ఉప్పు సరిపోయింది" అంది. ఆయన చేతులు కదలడం లేదు. కళ్ళు ఆవిడ దవడల మీదే ఉన్నాయి.

"ఉప్పు సంగతి కాదే, బాగుందంటే చాలదు. ఇంకో ముక్క తిను, మెల్లగా నములు. రుచి ఎలా ఉందో చెప్పు."